ఒంటిచేతి రసాయనవేత్త



75 వసంతాలు నిండిన ఈ పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో, ఒక గురువు తన శిష్యునికి ఇచ్చిన సలహాను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

జేమ్స్ సమ్నర్ 1887లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో జన్మించాడు. పదిహేడవ ఏట వేటలో జరిగిన తుపాకి ప్రమాదంలో ఎడమచేతిని మోచేతి దిగువన కోల్పోయాడు. ఆయనది ఎడమచేతి వాటం. పనులన్నీ కుడిచేతితో కొత్తగా నేర్చుకున్నాడు. హార్వర్డులో పరిశోధనకు పూనుకొన్నప్పుడు ఆచార్య ఆటో ఫోలిన్, ఒంటిచేతితో రసాయనశాస్త్రంలో రాణించడం కష్టమనీ, న్యాయశాస్త్రం చదువుకొమ్మనీ హితవు చెప్పినారు. సమ్నర్ పట్టు విడువలేదు. ఫోలిన్ కూడా తలుపు మూయలేదు. ఆ గురువు వద్దనే శిష్యుడు 1914లో డాక్టరేటు పొందాడు. మద్రాసులో వైద్యవిద్య నభ్యసించిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు, ఫిస్కేతో కలసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించినది కూడా ఈ ఫోలిన్ విభాగం నుండియే.

జీవక్రియలను వేగిరపరచే ఎంజైములు ఏ పదార్థంతో ఏర్పడినవో ఆనాడు తేలలేదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడైన సమ్నర్, 1917లో ఒక ఎంజైమును శుద్ధరూపంలో వేరుచేయ సంకల్పించాడు. మన తమ్మకాయ జాతికి చెందిన జాక్ బీన్ గింజలలో, యూరియాను విడగొట్టే యూరియేజ్ సమృద్ధిగా ఉంటుంది. బోధనభారం అధికం, ఉపకరణాలు స్వల్పం. తొమ్మిదేండ్లు గడచినవి. 1926లో గింజల పిండిని ఎసిటోన్ కలిపిన నీటితో కలియబెట్టి, వడగట్టి, ఆ ద్రవాన్ని రాత్రంతా చల్లని చోట ఉంచగా, సూక్ష్మదర్శిని క్రింద స్ఫటికాలు కానవచ్చినవి. ఎంజైము ప్రోటీనేనని ఆయన చాటినాడు.

నోబెల్ గ్రహీత విల్‌స్టాటర్ వంటి పెద్దలు అంగీకరించలేదు. 1930లో నార్త్రప్ పెప్సిన్‌ను స్ఫటికరూపంలో సాధించిన పిదప సంశయాలు క్రమంగా తొలగినవి. 1946 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం సమ్నర్‌కు, తక్కిన సగం నార్త్రప్, స్టాన్లీలకు దక్కినవి. సమ్నర్ 1955లో దివంగతుడైనాడు.

ఫోలిన్ హితవు దురుద్దేశంతో పలికినది కాదు. పిల్లల మేలుకోరి మనమూ అట్టి మాటలే పలుకుతుంటాము. పొరుగు రాష్ట్రంలో ఉంటూ తెలుగులో చదివితే సైన్సు అబ్బుతుందా అని అడిగే తల్లిదండ్రులు నేటికీ ఉన్నారు. ఆ సందేహం సహజమే. అయితే హితవు చెప్పిన పిమ్మట కూడా బిడ్డ పట్టుబట్టినచో, ఫోలిన్ వలె ప్రయోగశాల తలుపు తెరచి ఉంచుదాము. వాని శక్తి ఎంతటిదో వాని పనియే చెప్పనిద్దాము.