అమానతు – కంప్యూటరు – మన యువకులు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ యేడు ప్రసంగానికి విషయం యేమి తీసుకుందామా అని కార్యవర్గంలో అనుకున్నప్పుడు, పిల్లల వుద్యోగాల గురించి చెప్పమని కొందరూ, ఫోను మోసాల గురించి చెప్పమని కొందరూ అన్నారు. రెండూ కలిసే పని ఒకటున్నది. వెబ్‌సైట్లలో, కంప్యూటరు ప్రోగ్రాములలో లోపాలు కనిపెట్టి వాటి యజమానులకు తెలియజేయడం. ఏ కంపెనీలోనూ జీతానికి కుదరకుండా యీ పని చేసేవారిని స్వతంత్ర భద్రతా పరిశోధకులంటారు. లోపం చెప్పినందుకు కొన్ని కంపెనీలు బహుమతి యిస్తాయి. దాన్ని బగ్ బౌంటీ అంటారు. ఇప్పుడు అడిగినదానికి జవాబు చెప్పే కృత్రిమ మేధ సహాయకులు వచ్చి యీ పనిని మార్చేస్తున్నాయి. ఆ మార్పు గురించి మాకు తెలిసినది మనవి చేస్తాము.

మన నందివాడ వారికి యిది అర్థం కాని సంగతి కాదు. చేపల చెరువు గట్టుకు ఎలకబొరియ పడితే, చూసుకోకపోతే తెల్లవారేసరికి గండి. పొద్దున్నే గట్టు మీద నడిచేవాడు పక్కవాడి గట్టున బొరియ కనబడినా కేకేసి చెపుతాడు. కాని ఆ పక్కవాడు "నా గట్టు మీద నీకేం పనిరా?" అని ఎదురు తిరగవచ్చు కూడా. స్వతంత్ర పరిశోధకుల బ్రతుకు అచ్చం యిలాంటిదే.

మన రాష్ట్రంలో జరిగినదే చెపుతాము. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ తరఫున అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి అనే యిద్దరు ఒక నివేదిక వెలువరించారు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో 13 కోట్ల వరకు ఆధార్ నంబర్లు బయటికి కనబడుతున్నాయని వారి అంచనా. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఒకటి చంద్రన్న బీమాది. 2018 ఏప్రిల్‌లో అదే శ్రీనివాస్ కొడాలి మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటు సంగతి బయటపెట్టారు. సుమారు 1.3 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు అందులో వున్నవి. పేరుతో పాటు కులమూ, మతమూ కూడా వున్నవి! ఫలానా వూళ్లో ఫలానా మతంవారి యిళ్లు ఎక్కడెక్కడున్నవో ఎవరైనా చూసుకోవచ్చునన్నమాట. ఇది మనవంటి వారికి ఎంత ముఖ్యమైన సంగతో వేరే చెప్పాలా? ఎవరూ తాళం పగలగొట్టలేదు. తలుపే తెరిచి వున్నది. కనిపెట్టడానికి కావలసినది ఓపిక.

ఆ ఓపిక పనిని యిప్పుడు యంత్రం చేస్తున్నది. 2025 మే నెలలో షాన్ హీలన్ అనే పరిశోధకుడు ఓ3 అనే కృత్రిమ మేధ సాయంతో లైనక్స్‌లో అంతకుముందు ఎవరికీ తెలియని లోపం ఒకటి పట్టుకున్నాడు. లైనక్స్ అంటే ప్రపంచంలో ఎన్నో కంప్యూటర్లకు పునాదివంటి ప్రోగ్రాము. అయితే ఆయన యింకొక లెక్క కూడా దాచకుండా చెప్పాడు. తనకు ముందే తెలిసిన ఒక లోపాన్ని వెతకమని 100 సార్లు అడిగితే, యంత్రం పట్టుకున్నది 8 సార్లు. 28 సార్లు లేని లోపాన్ని వున్నదని చెప్పింది. ఏది నిజమో తేల్చినవాడు మనిషే.

తేల్చకుండా పంపితే యేమవుతుందో కూడా చూశాము. కర్ల్ అని ఒక ఉచిత ప్రోగ్రాము వున్నది. మన ఫోన్లలో, టీవీలలో కూడా వుంటుంది. దాన్ని నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ 2019 నుంచి లోపాలు చెప్పినవారికి బహుమతి యిప్పించాడు. యంత్రం చేత వ్రాయించి, చదివి కూడా చూడకుండా పంపేవారు ఎక్కువయ్యారు. 2025లో వచ్చిన నివేదికలలో నిజమైనవి నూటికి ఐదుకన్న తక్కువని ఆయన చెప్పాడు. చివరకు 2026 జనవరి నెలాఖరుతో బహుమతే ఎత్తివేశాడు. "గండి! గండి!" అని వూరికే కేకలు వేసేవాళ్లు పదిమందైతే, నిజంగా బొరియ చూసినవాడి కేక ఎవరు వింటారు? నష్టపోయినది నిజాయితీగా పనిచేసే కుర్రవాళ్లు.

విచిత్రమేమంటే, అదే కర్ల్‌లో 2025 సెప్టెంబరులో ఒక పరిశోధకుడు కృత్రిమ మేధ పనిముట్లతోనే పదులకొద్దీ నిజమైన తప్పులు చూపిస్తే స్టెన్‌బర్గ్ మెచ్చుకున్నాడు. పనిముట్టు అదే జాతిది. వాడినవాడు వేరు.

ఇక మన యింటి సంగతి. గత రంజానుకు ముందు మన సహాయ దరఖాస్తులు ఫోనులో పంపే ఏర్పాటు చేశాము. గుడివాడలో డిగ్రీ చదివే మన కుర్రవాడొకడు వచ్చి, "చాచా, దీన్ని ఒకసారి పరీక్ష చేసి చూడనా?" అని అడిగాడు. అనుమతి కాగితం వ్రాయించుకునే మొదలుపెట్టాడు. కృత్రిమ మేధ అతనికి తొమ్మిది లోపాలున్న జాబితా యిచ్చింది. అతను ఒక్కొక్కటీ స్వయంగా చేసి చూస్తే ఏడు ఉత్తవి. రెండే నిజం. "అతి ప్రమాదం" అని యంత్రం మొదట వ్రాసినది ఉత్తది. ఎక్కడో ఐదోది, "సామాన్యం" అని వ్రాసినదాన్ని కుర్రవాడు మొదటికి తెచ్చాడు. లింకు వున్నవారెవరైనా దరఖాస్తులన్నీ తెరిచి చూడగలరు. అందులో జకాతు తీసుకునే వితంతువుల పేర్లూ, ఖాతా నంబర్లూ వున్నవి. ఆ పేర్లు బయటపడితే ఆ తల్లులు వీధిలో ఎలా తలెత్తుకుంటారో యంత్రానికేం తెలుసు? మనవాడికి తెలుసు. ఆ రాత్రికే సరిచేశాము. అంతకు ముందు యేడు మేమే అలాంటి జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టామని సిగ్గుతో ఒప్పుకుంటున్నాము.

హదీసు సేకరించిన పెద్దలు ఎవరు ఎవరితో చెప్పారో ఆ ఇస్నాదు చూడనిదే మాట స్వీకరించలేదు. చెప్పేవాడు ఎంత తియ్యగా చెప్పినా సరే. యంత్రం చెప్పే మాటకూ అదే నియమం వర్తించాలి.

కాబట్టి మా మనవి యిది. యువకులారా, యీ పని నేర్చుకోండి, సహాయకులనూ వాడుకోండి. కాని అనుమతి లేనిదే యింకొకరి కంప్యూటరులో అడుగుపెట్టవద్దు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షను కింద నష్టపరిహారం, దురుద్దేశం రుజువైతే 66వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు వున్నవి. 2018లో ఆధార్ లోపం వ్రాసిన విలేఖరి పేరే ఎఫ్.ఐ.ఆర్.లోకి ఎక్కింది. ప్రభుత్వ వెబ్‌సైట్లలో లోపం కనబడితే సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థకు తెలియజేయవచ్చు. ఇతరుల వివరాలు కంటబడితే అవి అమానతు. కాపీ చేసుకోకూడదు, స్నేహితులకు చూపకూడదు. చేసి చూడని మాట పంపకూడదు.

పెద్దలకూ ఒక మాట. పిల్లవాడు వచ్చి "మీ జాబితాకు తలుపు లేదు" అంటే, "నీకెందుకురా?" అని కసరవద్దు. కూర్చోబెట్టి వినండి. మన సంఘం, మన మస్జిదు కమిటీలు యేడాదికొకసారి తమ జాబితాలను యిలాంటి కుర్రవాళ్ల చేత, వ్రాతపూర్వకమైన అనుమతితో పరీక్ష చేయించాలని యీ సమావేశంలో తీర్మానించవలసినదిగా కోరుతున్నాము.

ఒకరి అమానతును ఒకరు కాపాడుకునే తౌఫీకు అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.