నీటికాసులు: శస్త్రచికిత్స జరిగిన తొలి దినములు

నీటికాసులకు శస్త్రచికిత్స యనగా పెరిగిన కంటి యొత్తిడిని తగ్గించుటయే గదా యని మనము తలంతుము. కాని తొలి దినములలో వైద్యుని కలవరపెట్టునది పలుమారులు మితిమీరి తగ్గిన యొత్తిడియే.

కంటిలో స్వచ్ఛమైన నీ రొకటి నిరంతరము ఊరుచు, సన్నని మార్గమున వెలికి పోవుచుండును. ఆ మార్గమున కడ్డు కలిగినచో ఒత్తిడి పెరిగి దృష్టినాడి క్షీణించును. చుక్కల మందులకు లొంగనప్పుడు వైద్యుడు క్రొత్త త్రోవ చేయవలసి వచ్చును.

తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో నుండిన కాలమున, 1909 ప్రాంతమున, మద్రాసు ప్రభుత్వ నేత్రవైద్యశాలలోని ఇలియట్ దొర గుండ్రని చిన్న పరికరముతో కంటి గోడకు రంధ్రము చేయు పద్ధతిని ప్రచారమునకు దెచ్చెను. అది ప్రపంచమంతట వ్యాపించెను. అయితే ఆ రంధ్రమునకు మూత లేదు. చెరువునకు గండి కొట్టుట వేరు, తూము పెట్టుట వేరు. నీరు ఒక్కసారిగా పోయినచో కంటి ముందరి గది చదునగును. వెనుక పొరల నడుమ నీరు చేరును, ఒక్కొక్కప్పుడు రక్తము గూడ చేరును. 1968లో కెయిర్న్స్ వర్ణించిన ట్రాబెక్యులెక్టమీలో రంధ్రముపై తెల్లగ్రుడ్డు నుండియే తీసిన పలుచని రేకు మూతగా నుండును. తూమునకు తలుపు దొరికినది!

ఆ తలుపును బిగించు కుట్లలోనే నేటి నేర్పంతయు నున్నది. మొదట కొంత బిగువుగా కుట్టి, పైపొర మానుకొలది అవసరమును బట్టి ఒక్కొక్క కుట్టును లాగివేయుదురు, లేదా లేసరు కిరణముతో త్రెంపుదురు. మచ్చ కట్టి త్రోవ పూడకుండ మైటోమైసిన్ వాడుదురు; మోతాదు మించినచో పైపొర పలుచనై నీరు కారును. కంటిలో పసుపురంగు మందు వేసి నీలికాంతిలో చూచినచో ఆ కారుట బయటపడును.

కావున తొలి వారములలో వైద్యుడు మరల మరల రమ్మనుట శస్త్రచికిత్సలో భాగమే. పోయిన చూపు దీనివలన తిరిగి రాదు, మిగిలినది నిలుచును. శుక్లము తీయించుకొన్న పొరుగువానితో పోల్చుకొని, చూపు హెచ్చలేదని నిరాశపడి వెళ్లుట మానువారు కలరు. కుట్టు వదులు చేయవలసిన దినము వారికి దాటిపోవును.

రక్తమును పలుచన చేయు మందులు వాడువారు ముందుగనే వైద్యునకు చెప్పవలెను. కన్ను నలుపరాదు; రాత్రి రక్షకపు మూత యుండవలెను. బరువు లెత్తుట, తల వంచి పని చేయుట, మలబద్ధకమున ముక్కుట కొన్నాళ్లు కూడదు. నొప్పి, ఎరుపు, పుసి, చూపు మందగించుట కనబడినచో ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. వెనుకటి ఒత్తిడి చుక్కలను కోసిన కంటిలో సాధారణముగా ఆపుదురు. రెండవ కంటిలో మాత్రము, వైద్యుడు చెప్పనిదే, ఒక్కపూటయు మానరాదు.