డిస్కుకు వేసే తాళం

రైలులో లాప్‌టాప్ పోతే నష్టం యంత్రంతో ఆగదు. లాగిన్ సంకేతపదం ఉన్నది గదా అని ధీమా పనికిరాదు. డిస్కును ఊడదీసి వేరొక కంప్యూటరుకు తగిలిస్తే అందులోని ఉత్తరాలు, లెక్కలు అన్నీ చదవవచ్చు.

లినక్స్‌లో ఇందుకు విరుగుడు, 2004లో క్లెమెన్స్ ఫ్రూవిర్త్ రూపొందించిన ‘లక్స్’ పద్ధతి. లినక్స్‌ను కంప్యూటరులో నెలకొల్పేటప్పుడే దీనిని ఎంచుకోవడం సులభం. ఇక్కడ శ్రోతలు గమనించవలసిన మెలిక ఒకటున్నది. డిస్కులోని సమాచారాన్ని గుప్తపరచేది యజమాని సంకేతపదం కాదు, యంత్రమే పుట్టించిన మూల తాళంచెవి. సంకేతపదం ఆ చెవిని దాచిన పెట్టెను మాత్రమే తెరుస్తుంది. కనుకనే సంకేతపదం మార్చినా డిస్కునంతటినీ తిరగరాయనక్కరలేదు.

ఆ పెట్టె ఉండేది డిస్కు ఆరంభంలోని శీర్షభాగంలో. అది చెడితే సంకేతపదం తెలిసిన యజమానికి కూడా డిస్కు తెరుచుకోదు. ‘క్రిప్ట్‌సెటప్’ ఆజ్ఞతో దాని ప్రతిని తీసి వేరొకచోట భద్రపరచాలి. చాలామంది మరచేది ఈ పనినే. సంకేతపదం మార్చిన తరువాత పాత ప్రతిని నాశనం చేయాలి. అది పరుల చేత పడితే పాత సంకేతపదమే మళ్ళీ తలుపు తీస్తుంది.