తామరాకు నేర్పు ఆరోగ్య పాఠము
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



ఒక గ్రామమున తామర వ్యాధిని గూర్చి మేము కరపత్రములు పంచితిమి. మరునాటికి అవి చిల్లర దుకాణమున పొట్లములైనవి. లోపము గ్రామస్థులది కాదు, మాది. చదివినది మరపునకు రావచ్చును గాని, చూచిన బొమ్మ మనస్సున నిలిచిపోవును. కావున ఈ వ్యాధికి మన భాషలో గల పేరునే ఆధారముగా గొని, పంచాయతీ కార్యాలయపు గోడమీద నాలుగు బొమ్మలు వేయింపవలసినదిగా కోరుచున్నాము.

మొదటిది తామరాకు. ఈ వ్యాధి మచ్చయు ఆకువలె గుండ్రముగా నుండును. అంచు ఎఱ్ఱగా ఉబ్బి పొట్టు రాలును, నడుమ చర్మము తేరుకొన్నట్లు కనిపించును, దురద అధికము. ఇది పురుగువలన గాని శాపమువలన గాని వచ్చునది కాదు. చర్మముపై పెరుగు బూజుజాతి సూక్ష్మజీవియే దీనికి కారణము. మచ్చపై స్పర్శ తెలియనిచో అది కుష్ఠు కావచ్చును. అట్టివారిని వెంటనే ఆరోగ్య కేంద్రమునకు పంపవలయును.

రెండవది ఆకుమీది నీటిబొట్టు. తామరాకునకు తడి అంటదు. మన శరీరమును అట్లే ఉంచుకొనవలయును. చెమట నిలుచు గజ్జలు, నడుము, వ్రేళ్ల సందులు ఈ బూజునకు అనుకూల స్థానములు. స్నానానంతరము బాగుగా తుడుచుకొని పొడి బట్టలు కట్టవలెను.

మూడవది ఒకే చెరువున అల్లుకొన్న ఆకులు. ఇంట ఒకరికి వచ్చినచో తువ్వాలు, పక్కబట్టల మూలమున తక్కినవారికి ప్రాకును. ఎవరి తువ్వాలు వారిదిగా ఉండవలెను. బట్టలు వేడినీట ఉతికి ఎండలో ఆరవేయవలెను.

నాల్గవది బురదలోని దుంప. పువ్వు కోసినంత మాత్రమున తామర చావదు గదా! దుకాణమున అడిగి తెచ్చుకొను స్టిరాయిడు పూతమందు దురదను అణచును గాని బూజును చంపదు. మచ్చ రూపు మారి గుర్తింప వీలుగాక, లోలోన వ్యాపించును. ఇట్టి పూతమందులలో 14 రకముల స్టిరాయిడులను వైద్యుని చీటీ లేనిదే విక్రయింపరాదని 2018లో కేంద్ర ప్రభుత్వము నిబంధన చేసినది. వైద్యుడు వ్రాసిన మందును మచ్చ మాసినను చెప్పిన గడువువరకు వాడవలయును. నడుమ మానినచో దుంప మిగిలినట్లే.

ఈ బొమ్మలకు పాఠశాల విద్యార్థుల చేయి, కొద్దిపాటి రంగు చాలును. వచ్చు గ్రామసభలో ఒక బాలికచే వాని అర్థము చెప్పింపుడు. ఆమె తడబడక చెప్పిననాడు ఊరు నేర్చినదని మేము సంతోషింతుము.