మీ ఇంటి పైకప్పు తీసి చూడండి

భద్రాచలం ఏజెన్సీలోని ఒక ఆశ్రమ పాఠశాలలో 7, 8 తరగతుల విద్యార్థులతో మాట్లాడిన ప్రసంగ పాఠం.



నన్ను మేడమ్ అనకండి. నేనూ ఇలాంటి ఆశ్రమ పాఠశాలలోనే, ఇలాగే నేల మీద వరసగా కూర్చుని చదివాను. అక్కా అంటే చాలు.

ఇందాక గేటు దగ్గర ఒక చెల్లి, "అక్కా, నువ్వు ఇంజనీరువా?" అని అడిగింది. కాదమ్మా, నేను ఆర్కిటెక్టుని. ఈ మాట నేను మొదటిసారి విన్నది ఇంటర్ రెండో ఏడాదిలో. మీరు ఇప్పుడే వినాలని వచ్చాను. ఎందుకంత తొందరో తర్వాత చెప్తాను.

ముందు మీరు చెప్పండి. మీ ఇంట్లో పొయ్యి పైన ఏముంటుంది? అటక. అటక మీద? విత్తనాలు, మొక్కజొన్న కంకులు. అక్కడే ఎందుకు? పొగకి పురుగు పట్టదు. చూశారా, ఒక్క పొయ్యి వంట చేస్తోంది, వానాకాలం ఇంటిని వెచ్చగా ఉంచుతోంది, వచ్చే ఏడాది విత్తనం కాపాడుతోంది. అది ఏ మూల ఉండాలో, దాని మీద అటక ఎంత ఎత్తున ఉండాలో ఎవరో కూర్చుని ఆలోచించారు. అలా ఆలోచించడమే నా పని.

మా తాత దడి ఇల్లు కట్టేముందు ఆ జాగాలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊరికే నిలబడేవాడు. ఎండ ఎటు పడుతోంది, వాన జల్లు ఎటు కొడుతుంది, నీళ్లు ఎటు పారతాయి అని చూసేవాడు. తర్వాత కర్రతో నేల మీద గీతలు గీసేవాడు. ఇక్కడ గుమ్మం, ఇక్కడ అరుగు, ఇక్కడ మేకలు. జానలతో, మూరలతో, బారలతో కొలిచేవాడు. మా చిన్నాన్నలు ఆ గీతల మీదే గుంజలు పాతి, వెదురు దడి అల్లి, మట్టి మెత్తేవాళ్లు. కాలేజీలో మా సారు బోర్డు మీద మొదటి ప్లాను గీసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇది మా తాత గీసిందే కదా!

ఇంజనీరుకూ ఆర్కిటెక్టుకూ తేడా చాలామంది పెద్దవాళ్లకే తెలియదు. కట్టడం కూలకుండా నిలబడాలంటే ఎంత ఇనుము వేయాలి, పునాది ఎంత లోతు తీయాలి అనే లెక్కలు సివిల్ ఇంజనీరు వేస్తారు. లోపల ఉండే మనిషి ఎక్కడ పడుకుంటాడు, గాలి ఎటు నుంచి వస్తుంది, అవ్వ మెట్టు ఎక్కగలదా, ఆడపిల్ల స్నానానికి ఎక్కడికి పోవాలి, ఇవన్నీ ఆర్కిటెక్టు చూడాలి. ఇద్దరూ కలిస్తేనే మంచి ఇల్లు.

నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు మా ఊరికి కాలనీ ఇళ్లు వచ్చాయి. ఒక సారు కాగితం పట్టుకొచ్చి సున్నంతో ముగ్గు పోయించాడు. అన్ని ఇళ్లూ ఒకటే కొలత. స్లాబు పడిన రోజు ఊరంతా సంబరం. వేసవి వచ్చింది. మధ్యాహ్నం లోపల కూర్చోలేం. వంటగదిలో కట్టెల పొయ్యి వెలిగిస్తే పొగ పోయే దారి లేదు. ఇప్పపువ్వు ఎండబెట్టుకునే చోటు లేదు, కోళ్లకు చోటు లేదు. ఏడాది తిరక్కుండానే ప్రతి ఇంటి ముందూ ఒక తాటాకు పందిరి లేచింది. పొయ్యి అక్కడికే పోయింది, మంచాలూ అక్కడికే పోయాయి. స్లాబు కింద వడ్ల బస్తాలు పడుకున్నాయి. ఆ సారుది తప్పని నేను అనను, ఆయన చేతికి వచ్చిన కాగితం అది. కానీ దాన్ని గీసినవాళ్లు మా అమ్మను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది.

అలాగని మన పాత ఇళ్లే గొప్పవి, వాటిలోనే ఉండిపోదాం అని చెప్పడానికి రాలేదు. చెదలు పడతాయి. కప్పు మళ్లీ మళ్లీ మార్చాలి. నిప్పురవ్వ పడితే బూడిదే. పక్కా ఇల్లు కావాలని మా అమ్మ కోరుకోవడంలో తప్పేం లేదు. స్లాబా, మట్టా అని కొట్లాడుకోనక్కర్లేదు. ఇల్లు గీసేవాళ్లకు ఆ ఇంట్లో ఉండేవాళ్ల బతుకు తెలుసా అన్నదే నా ప్రశ్న.

ఒక మనిషి సంగతి చెప్తాను. పేరు ఫ్రాన్సిస్ కెరే. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే దేశం, అందులో గాండో అనే పల్లె. ఆ ఊళ్లో బడి లేదు. ఏడేళ్ల పిల్లాణ్ని వాళ్ల నాన్న ఇంటికి దూరంగా పంపించి చదివించాడు, మిమ్మల్ని ఇక్కడికి పంపినట్టే. అక్కడ సిమెంటు గదిలో వందమందికి పైగా పిల్లలు, ఉడికిపోయే వేడి. ఆ వేడి అతను మర్చిపోలేదు. 1985లో వడ్రంగం నేర్చుకోవడానికి జర్మనీ వెళ్లాడు. తర్వాత అక్కడే ఆర్కిటెక్చర్‌లో చేరాడు. ఇంకా చదువు పూర్తికాకముందే స్నేహితుల దగ్గర డబ్బు పోగుచేసి సొంత ఊళ్లో బడి కట్టడానికి వచ్చాడు.

మట్టితో కడతానన్నాడు. ఊరివాళ్లకు నచ్చలేదు. అంత దూరం పోయి చదివి మట్టి ఇల్లా, మొదటి వానకే పడిపోదా అని వాళ్ల అనుమానం. మన ఊళ్లో అయినా అదే అంటారు కదా! అతను మట్టిలో కొంచెం సిమెంటు కలిపి ఇటుకలు చేయించి, వానకు తట్టుకుంటాయని చూపించాడు. గది మీద ఇటుకలతో సందులున్న కప్పు వేసి, దానికి పైన ఎడంగా, ఎత్తుగా రేకులు నిలబెట్టాడు. వేడిగాలి సందుల్లోంచి పైకెక్కి, రేకుల కిందుగా బయటికి పోతుంది. కరెంటు లేకుండానే గది చల్లబడుతుంది. పిల్లలు పునాదికి రాళ్లు తెచ్చారు, ఆడవాళ్లు ఇటుకలకు నీళ్లు మోశారు. 2001లో బడి పూర్తయింది. 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఆర్కిటెక్టులకు అంతకంటే పెద్ద బహుమతి లేదు. దాన్ని అందుకున్న మొదటి ఆఫ్రికా మనిషి ఆయనే. ఒకసారి తల పైకెత్తి మీ రేకుల కప్పు చూడండి. దాని కింద గాలి పోయే సందు ఉందా?

అదే 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో అయితే 75 అడుగులు దాటింది. అప్పటి నీళ్లు ఏ చింతచెట్టు మొదలు దాకా వచ్చాయో మా ఊరి ముసలమ్మలు చూపిస్తారు. ఇల్లు ఎక్కడ కట్టాలో గీసేముందు ఆర్కిటెక్టు వెళ్లి వాళ్ల దగ్గర కూర్చోవాలి. వాళ్ల మాట వాళ్ల భాషలో అర్థమయ్యేది మీకే.

ఇక చదువు. బి.ఆర్క్ అయిదేళ్లు. తర్వాత కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 1972 చట్టం ప్రకారం అలా నమోదైనవాళ్లే ఆర్కిటెక్టు అని పెట్టుకోవాలి. ప్రవేశానికి నాటా అనే పరీక్ష ఉంది, జేఈఈ మెయిన్‌లో రెండో పేపరు ఉంది. విజయవాడలో కేంద్రం పెట్టిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, ఇంకా చాలా ఉన్నాయి. కేంద్ర సంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లు. డబ్బు సంగతి దాచను. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువ. సాఫ్ట్‌వేర్‌కు పోయిన నా స్నేహితులు నాకంటే ముందు బండి కొన్నారు.

ఇప్పుడు ఆ తొందర సంగతి. ఈ కోర్సుకు ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి. నా పక్క మంచం అమ్మాయి నాకంటే చాలా బాగా గీసేది. హాస్టల్ గోడ మీద బొగ్గుతో మా ఊరి సంత మొత్తం గీసి దెబ్బలు తింది. పదో తరగతి కాగానే ఎవరో చెప్పారని సీఈసీలో చేరింది. నేను ఎంపీసీలో చేరింది తెలివితో కాదు, బైపీసీలో సీట్లు అయిపోయాయి. రెండేళ్ల తర్వాత నేను నాటా రాస్తుంటే తనకు ఆ దారి మూసుకుపోయింది. అప్పటిదాకా మా ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. లెక్కలంటే భయమున్నవాళ్లు ఈ ఏడాదే సారు వెంటపడండి. బొమ్మలు అందంగా రావట్లేదని మాత్రం దిగులుపడకండి. చూసింది చూసినట్టు, కొలతతో గీయగలిగితే చాలు, అది అలవాటు మీద వస్తుంది.

సెలవులకు ఇంటికి పోతారు కదా, ఒక పని చేయండి. మీ ఇంటి పైకప్పు తీసేసినట్టు, మీరు కొంగై పైనుంచి చూస్తున్నట్టు ఊహించుకోండి. గోడలు మూరలతో కొలవండి. గళ్ల కాగితం మీద మూరకు ఒక గడి చొప్పున గీయండి. పొయ్యి, మంచం, నీళ్ల కుండ, మేకలు ఎక్కడుంటాయో పెట్టండి. తర్వాత మీ అమ్మనో, అవ్వనో ఒక్కటి అడగండి: ఈ ఇంట్లో నీకు ఏది మారిస్తే బాగుంటుంది? వాళ్లు చెప్పింది ఎర్ర పెన్సిలుతో గీయండి.

సంక్రాంతి తర్వాత మళ్లీ వస్తాను, అందరివీ చూస్తాను. గళ్ల నోటుబుక్కు లేనివాళ్లు చేతులెత్తండి, సంచిలో నలభై తెచ్చాను.