ఎల్‌ఈడీ స్ట్రిప్ లైట్: డబ్బా మీద 50,000 గంటలు, ఇంట్లో ఏడాదిన్నర! ఎందుకు?

చర్ల దగ్గర నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, గృహప్రవేశానికి ఫాల్ సీలింగ్‌లో స్ట్రిప్ లైట్లు వేయించాం. ఏడాదిన్నరకే ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. మెకానిక్ మొత్తం పీకేసి కొత్తవి వేద్దామంటున్నాడు. డబ్బా మీద 50,000 గంటలు అని ఉంది కదా?"

తమ్ముడూ, ఆగు. ఇప్పుడే పీకించకు.

50,000 గంటలంటే రోజుకి 6 గంటల చొప్పున 22 ఏళ్ళ పైనే. అది పచ్చి అబద్ధమేం కాదు, కానీ ఆ లెక్క చిప్‌ది. వేడిని కంట్రోల్‌లో పెట్టి ల్యాబ్‌లో టెస్ట్ చేసి కట్టిన అంచనా. పైగా అన్ని గంటలకి ఆరిపోతుందని కాదు, వెలుగు మొదట్లో ఉన్నదాంట్లో 70 శాతానికి తగ్గుతుందని. దీన్నే ఎల్70 అంటారు. ఎల్‌ఈడీ ముసలిదై మెల్లగా డల్ అవుతుంది. స్ట్రిప్ మొత్తం ఒకేసారి మిణుకుమంటోందంటే మొదటి అనుమానం అడాప్టర్ మీదే.

అడాప్టర్ లోపల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటాయి. వేడికి వాటిలోని ద్రవం మెల్లగా ఎండిపోతుంది. 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగం అని ఇంజనీర్లు లెక్కేస్తారు. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం వైపు 44, 45 డిగ్రీలు మనకి కొత్తా? ఇక స్లాబుకీ సీలింగుకీ మధ్య, లేదా రేకుల కింద ఎంతుంటుందో ఊహించుకోండి. అక్కడే అడాప్టర్ దాచేస్తాం, కనపడకూడదని!

దానికి తోడు లోడు. మీటరుకి 60 ఎల్‌ఈడీలుండే 5050 రకం స్ట్రిప్ మీటరుకి 14.4 వాట్లు తింటుంది. 5 మీటర్లకి 72 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు. దీనికి 5 ఆంపియర్ల అడాప్టర్ తగిలిస్తే అది రోజూ ఓవర్ టైమే. 8 ఆంపియర్లది తీసుకోండి, గాలి తగిలే చోట పెట్టండి. అదే వోల్టేజ్ ఉన్న వేరే మంచి అడాప్టర్‌తో ఒకసారి వెలిగించి చూస్తే తప్పెవరిదో తేలిపోతుంది. పాతదాని మూత మాత్రం తీయకండి, ప్లగ్ పీకాక కూడా లోపల చార్జ్ ఉండొచ్చు.

మూడు ఎల్‌ఈడీలు మాత్రమే ఆరాయా? 12 వోల్టుల స్ట్రిప్‌లో మూడేసి ఒక జట్టు, ఒకటి పోతే మూడూ పోతాయి. కత్తెర గుర్తు దగ్గర ఆ ముక్క కోసేసి కొత్తది అతికించొచ్చు.

చివర డల్‌గా ఉందా? ఇది మనవాళ్ళకి ఈజీగా అర్థమవుతుంది. పాల్వంచలో కేటీపీఎస్, మణుగూరులో ఇంకో ప్లాంటు ఉన్నా, లైన్ చివరి ఊళ్ళో ఫ్యాన్ నీరసంగానే తిరుగుతుంది కదా. స్ట్రిప్‌లో రాగి పొర పల్చగా ఉంటే అదే కథ. రెండు వైపులా కరెంటిస్తే సరిపోతుంది.

నేనైతే డబ్బులు అల్యూమినియం చానల్ మీద పెడతాను. స్ట్రిప్ వేడి దాంట్లోకి దిగిపోతుంది. దుమ్ము రాలే లప్పం మీద అంటిస్తే గమ్ ఊడి వేలాడుతుంది, వేడి పోయే దారి మూసుకుపోతుంది. గోదావరి ఒడ్డున వానాకాలం తేమకి కోసిన చివర్లు చిలుము పడతాయి, సిలికాన్‌తో మూసేయండి. గాలివాన మొదలవగానే ప్లగ్ తీసేయండి. కొమ్మలు పడి పోయిన కరెంటు తిరిగొచ్చేటప్పుడు ఒక్కోసారి ఎక్కువ వోల్టేజ్‌తో వస్తుంది.

చివరిగా, శ్రీరామనవమి పందిళ్ళకి కట్టే 220 వోల్టుల రోల్ గురించి. దానికి 12 వోల్టుల అడాప్టర్ ఉండదు, ఇంటి కరెంటే స్ట్రిప్ అంతా పారుతుంది. చివరి క్యాప్ ఊడినా, పైపొర చిట్లినా, తడి చేత్తో ముట్టుకుంటే ప్రాణం మీదకొస్తుంది. టేపు చుట్టి నెట్టుకురావద్దు, అది పారేసి కొత్తది కట్టండి.