విత్తనానికి ముందు ముగ్గు
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో పెరటి తోటలపై చేసిన ప్రసంగం)



2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగం మందికి పైగానే. ఆకుకూర ఒక్కటే దీనికి మందు కాదు, డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మానొద్దు. కానీ కూరల ధర పెరిగితే ముందు తగ్గేది మన కంచంలోనే కదా! అందుకే పెరటి తోట కావాలి.

విత్తనాలు అందరం చల్లుతాం. చాలా తోటలు రెండు మూడు నెలలకే పాడుబడతాయి. మడి మధ్యకు చెయ్యి అందదు. కలుపు తియ్యాలంటే మడి తొక్కాలి. తొక్కితే మట్టి గట్టిపడి నీళ్లు ఇంకవు. నీళ్లు మోసేదీ, కలుపు తీసేదీ మనమే. కాబట్టి తోట మన చేతికీ, నడుముకీ సరిపోయేట్టు ఉండాలి. ముగ్గుకి చుక్కలు పెట్టాకే గీత గీస్తాం. తోటకీ అంతే, ముందు కొలత.

తూర్పు పడమరలుగా 15 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 10 అడుగుల జాగా ఉందనుకోండి. కూర్చుని చెయ్యి చాపితే తేలిగ్గా అందేది అడుగున్నర, మహా అయితే రెండడుగులు. మధ్య మడికి రెండువైపులా దారి ఉంటుంది కాబట్టి 3 అడుగులు పెట్టండి. కంచె పక్క మడులకు ఒకవైపే దారి, వాటికి రెండేసి అడుగులు చాలు. మధ్యలో రెండు బాటలు, ఒక్కోటి అడుగున్నర. సరిగ్గా 10 అడుగులు. మేకులు కొట్టి, తాడు కట్టి, ముగ్గుపిండితో గీయండి. నీళ్ల బిందెతో ఆ బాటలో ఒకసారి నడిచి చూడండి. ఇబ్బందైతే అప్పుడే చెరిపి మార్చుకోవచ్చు.

ఇక ఏ మడిలో ఏం వెయ్యాలి? చలికాలంలో ఎండ దక్షిణం నుంచి ఏటవాలుగా పడుతుంది, నీడ ఉత్తరానికి పోతుంది. అందుకని బీర, కాకర పందిరి ఉత్తరం మడిలో పెట్టండి. మధ్య మడిలో వంగ, టమాటా, బెండ. దక్షిణం మడిలో ఆకుకూరలు. ఆ మడిని నాలుగు భాగాలు చేసి వారానికో భాగంలో తోటకూర, పాలకూర, మెంతి చల్లండి. ఒకేసారి చల్లితే ఒకేసారి కోతకొచ్చి ముదిరిపోతుంది. విడతలుగా వేస్తే ఒకటి అయ్యేసరికి ఇంకోటి అందుతుంది.

అంచుల్లో బంతి వెయ్యండి. పండక్కి పువ్వులూ వస్తాయి. కంచె మాత్రం కోడి దూరనంత దగ్గరగా కట్టాలి. వానాకాలం మడిని అర అడుగు ఎత్తు చేసుకోండి, లేకపోతే వేళ్లు కుళ్లుతాయి. ఎండాకాలం మడి బాటకన్నా కాస్త పల్లంగా ఉంటే పోసిన నీళ్లు అందులోనే నిలుస్తాయి. వంగ, టమాటా, మిరప ఒకే జాతివి. ఒకటి తీసిన చోట వెంటనే ఇంకోటి వెయ్యొద్దు, చిక్కుడో అలసందో వెయ్యండి.

జాగా లేని అక్కలు బాధపడొద్దు. గోడ పక్కన రెండడుగుల మడి ఒక్కటైనా ఆకుకూరకు చాలు. వచ్చే నెల సంఘం మీటింగుకి ప్రతి ఒక్కరూ తమ పెరడు కొలిచి, కాగితం మీద గీసుకుని రండి. చదువు రాకపోయినా ఫరవాలేదు, ముగ్గు వెయ్యడం మనందరికీ వచ్చు కదా. ఒకరి గీత ఒకరం చూసి సరిచేసుకుందాం. విత్తనాలు ఆ తర్వాతే కొందాం.